పచ్చ రంగు స్టెబిలైజర్లు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి: అంకె అబద్ధమాడదు, నేను పొరబడను. రెండూ 2014 జూలై ఆఖరి వారంలోనే పోయాయి. అందరికీ ఇరవైల్లో దొరికే మొదటి ఉద్యోగం నాకు యాభై ఆరో ఏట దొరికింది కాబట్టి, దీన్ని నా పడుచుతనపు ముచ్చటగానే చెబుతాను.

గరివిడి దగ్గర ఒక చిన్న ప్రయోగశాలలో, జూలై ఆఖరు దాకా రికార్డు రాసే తాత్కాలికపు పని. రాకెట్లను ఎగదోసే మందు నిల్వలో తనంతట తానే చెడిపోతుంది, చెడితే అంటుకుంటుంది. చెడకుండా అందులో కలిపేదాన్ని స్టెబిలైజర్ అంటారు. అప్పటిదాకా వాడుతున్నది విషం (గిన్నెలు కడిగిన నీళ్లు వెనకున్న వరిమడిలోకే పోయేవి). దాని బదులు పసుపు నుంచి తీసిన కొత్తదాన్ని అరవై రోజులు పరీక్షించాలి. వేడి గొట్టంలో మందు ఆవిరికి కాగితం ఎన్ని నిమిషాలకు రంగు మారిందో రోజూ నేను రాయాలి. అరవై రోజులూ నిలిస్తే పాతది మానేస్తామని పెద్దసారు మాటిచ్చారు.

నలభై ఒకటో రోజుకి కొత్తది నిండుకుంది. విజయనగరం స్టోరుకు చీటీ పంపాను: "పర్యావరణానికి హాని చేయని స్టెబిలైజర్ - 2". మర్నాడు స్టోరు బావ (అందరికీ బావే) ఆటోలోంచి రెండు అట్టపెట్టెలు దింపాడు. విప్పితే, ఫ్రిజ్జు పక్కన గోడకు తగిలించే కరెంటు స్టెబిలైజర్లు!

"ఏటి బావా ఇవి?"

"నువ్వు రాసిందే కదేటి, లెక్కలమ్మా! పర్యావరణం అన్నావని పచ్చ రంగువి ఏరి తెచ్చినాను. కొట్టోడు నీలంవి అంటగట్టబోయాడు, నానొప్పుతానేటి?"

"నాకు కావలసింది రెండు కిలోలయ్యా!"

"తూసి సూడు. ఒక్కోటీ నాలుగు కిలోలుంటాది."

అందరి లెక్కల్లో తప్పులు పట్టే నేను 'కిలోలు' అన్న మాట రాయలేదు. అసలు సరుకు రావడానికి ఎనిమిది రోజులన్నారు. పెద్దసారు తల పట్టుకున్నారు. "మీ గడువు గురువారంతో సరి. రాసే మనిషి లేకపోతే పరీక్ష ఆపేయడమేనమ్మా."

గురువారం నన్ను పని నుంచి తప్పించే కాగితం చేతికొచ్చింది. అందులో నా ఆఖరి పనిరోజు జూలై 31 బదులు ఆగస్టు 31 అని టైపు కొట్టారు. తప్పు! నాకు ఒళ్లు మండింది. ఎర్ర సిరాతో గీత పెట్టి, దగ్గరుండి దిద్దించి, సంతకం చేసి బయటపడ్డాను.

బస్సులో కూర్చున్నాక లెక్క వేశాను. సరుకుకి ఎనిమిది రోజులు, మిగిలిన పరీక్షకి పంతొమ్మిది, వెరసి ఇరవై ఏడు. ఆగస్టుకి రోజులు ముప్పై ఒకటి.

పాత విషమే ఆ మడిలోకి పారుతూ ఉండిపోయింది. ఆ యాభై ఆరేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎంత కచ్చితమైన మనిషో!