పెద్దమ్మ ఇచ్చిన చాక్లెట్ డబ్బా

మొన్న మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన చాక్లెట్లు ఒక రేకు డబ్బాలో వచ్చాయి. మూత మీద గుర్రపుబండి, అంచు చుట్టూ బంగారు తీగ, అక్కడక్కడా తుప్పు మరకలు. పాతకాలపుది, మీ కోసమే అత్తయ్యా అని మురిసిపోతూ చేతిలో పెట్టింది. నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి. గోటితో గీకి చూస్తే ఆ తుప్పు కూడా అచ్చు వేసిందే. పిల్ల ముఖం చిన్నబోయింది గానీ, ఊరూరా తిరిగి అసలు డబ్బాలు ఏరుకొచ్చిన చెయ్యి ఊరుకుంటుందా మరి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, భద్రాచలం దారిలో అడవి అంచునున్న ఒక ఊళ్లో నర్సుగా నా మొదటి ఉద్యోగం. పిల్లలకు చుక్కల మందు వేయడానికి ఇల్లిల్లూ తిరుగుతుంటే నా చూపు గూట్లోకే పోయేది. ఎప్పుడో మిషను దొరసానులు క్రిస్మస్‌కు పంచిన చాక్లెట్ డబ్బాలు, తిన్నవాళ్లు పోయినా, పసుపుకో సూదీదారానికో చిక్కుడు విత్తనాలకో ఇంకా పనికొస్తుండేవి. కొత్త స్టీలు డబ్బా ఇచ్చి పాతది ఇమ్మంటే జనానికి నామీద అనుమానం, ఊరికే ఎవరిస్తారని. ఒకామె అడుగున బంగారం ఉందేమోనని బూడిదేసి తోమి తోమి, బొమ్మంతా పోగొట్టి, ఇక తీసుకుపొమ్మని తెచ్చి ఇచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాలమే అటువంటిది. అడవిలోవాళ్లు వచ్చి అన్నం అడిగితే పెట్టక తప్పదు, పెట్టారని తెలిస్తే పోలీసులు వదలరు. వైరాలో మా ఇంటికి పోతూ సంచిలో ఒక డబ్బా పెట్టుకుంటే చాలు, తనిఖీలో బస్సంతా దించి, బాంబుందేమోనని మూత పొడుగాటి కర్రతో తెరిపించేవారు. పక్కన కూర్చున్న మనిషి సంచిని కూడా ఓరచూపు చూడటం మన ఈడువాళ్లందరికీ అలవాటైన రోజులవి.

నేను కిరాయికున్న ఇంటామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది, ఆటో నడిపే ఒక్కగానొక్క కొడుకు నన్ను అక్కా అనేవాడు. ఆమె పొయ్యి పక్క గూట్లో నీలంరంగు గుండ్రటి డబ్బా ఒకటి ఉండేది, మూత మీద గొడుగు పట్టుకున్న దొరసాని. అంత చక్కని డబ్బా నేను మళ్లీ చూడలేదు. పూటపూటా ఎసట్లో పోసేముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది, ఆదివారం మిషను గుడికి కానుకగా పట్టుకుపోయేది. మా అమ్మా అట్లాగే చేసేది గనుక నాకది కొత్త కాదు. అయినా అడగడం మానలేదు. రెండు స్టీలు డబ్బాలిస్తానన్నాను, మూడిస్తానన్నాను. వాడలో అందరూ నవ్వుకున్నారు. దేవుని డబ్బా బిడ్డా, ఇయ్యరాదు అనేది పెద్దమ్మ.

ఒకరోజు నేను పనిమీద పక్క ఊళ్లో ఉండగా పోలీసులు వచ్చి, ఇల్లంతా వెతక్కుండా, నేరుగా ఆ గూటి దగ్గరికే పోయారట. బియ్యం బస్తా ఉండగా ఈ బియ్యం ఎవరికోసం దాస్తున్నావని అడిగితే, ఆమె దేవునికన్నది. ఆ మాట ఎవరు నమ్ముతారు? కొడుకును జీపెక్కించుకుని పోయారు. అట్లా పోయినవాళ్లందరూ తిరిగి రాని రోజులవి, నేను వచ్చేసరికి ఆమె వాకిట్లో గొంతు పోయేలా ఏడుస్తున్నది. అప్పుడు గుడి ఆడవాళ్లంతా ఎవరింటి పిడికెడు బియ్యం వాళ్లు కుండల్లో, గిన్నెల్లో, డబ్బాల్లో పట్టుకుని స్టేషన్ దాకా నడిచారు. వాటన్నిటినీ వరసగా అరుగు మీద పెట్టి, మరి మమ్మల్నీ లోపలేయండని కూర్చున్నారు. పొద్దుగూకేసరికి పిల్లవాణ్ణి వదిలేశారు.

కానీ ఊళ్లో ఒక ప్రశ్న మిగిలింది. గూటి సంగతి పోలీసులకెవరు చెప్పారు? ఆ డబ్బా మీద అంతగా కన్నేసిందెవరు? గవర్నమెంటు మనిషి ఎవరు? నా ముందు ఎవ్వరూ ఏమీ అనలేదు, నేను బోరింగు దగ్గరికి పోతే మాత్రం మాటలు ఆగిపోయేవి. వచ్చిన ఆదివారం పెద్దమ్మ ఆ డబ్బా ఖాళీ చేసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"తీసుకోండి మేడం. దీనికోసమే గద."

బైబిలు మీద చెయ్యేసి చెప్పాను, నేను చెప్పలేదని. అవ్, సరే అన్నది, అంతే. డబ్బాను తిరిగి ఆమె గూట్లో పెట్టి వస్తే, పొద్దున్నే నా గది గడప మీద ఉంది. ఎవరు చెప్పారో నాకీనాటికీ తెలియదు. పక్కింటావిడ మీద ఏళ్ల తరబడి నేనూ అనుమానం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ దారిలో ఎవరూ బస్సు ఆపరు, సంచి విప్పమనరు. గుడిలోనూ పిడికెడు బియ్యం లేదు, కానుక ఫోన్లో పంపుతున్నారు. అప్పటి భయాలు చెబితే మా పిల్లలు కథనుకుంటారు. పెద్దమ్మ పోయిందని తెలిసి ఆ మధ్య మట్టికి వెళ్లాను. నెత్తి నెరిసిన ఆమె కొడుకు ఎంతో మర్యాదగా కుర్చీ తెచ్చి వేసి, కూర్చోండి మేడం అన్నాడు.