వెనక సీటులోని బొంత

లారీ మీంచి ఆ అమెరికా బండిని ఇక్కడ గల్ఫ్‌లో, అల్ ఖూజ్‌లోని మా వర్క్‌షాపులోకి దింపి, తుప్పుపట్టి బిగుసుకుపోయిన తలుపును ఇద్దరం కలిసి లాగితే, ముందుగా బయటికి వచ్చింది దాని వాసన. పాత పెట్రోలు, ఎండకు కాగీ కాగీ పెళుసెక్కిన రెక్సిన్, ఏళ్ల తరబడి ఖర్జూరపు తోటలో రేకుల షెడ్డు కింద పడి ఉన్నందుకు పట్టిన పులిసిన తీపి, ఎలుకలు, వాటన్నిటి అడుగున సన్నగా కుంకుడుకాయ. కుంకుడుకాయ వాసన ఎక్కడిదని మా మెకానిక్ పఠాన్ ఉస్తాద్ అడగలేదు. ఆయనకు అది సబ్బు వాసన, అంతే. నేను వెనక సీటు మీద చెయ్యి పెట్టి, ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాను.

ఆ సీటు కుట్టింది మా బాపు. దాని కడుపులో ఉన్న బొంత కుట్టింది మా అవ్వ. మా కరీంనగర్ వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బండి మా అర్బాబ్‌ది, అంటే బాపు పనిచేసిన దుకాణం యజమానిది. ఆయన పోయాక బండి మనవడు సాలెం చేతికి వచ్చింది. కొత్త ఇంజను పెట్టి, వారమంతా రోడ్డు మీద తిప్పి, సెలవు రోజు ట్రాక్ మీద పరిగెత్తించాలని ఆ కుర్రాడి సరదా. అందుకని వెనక సీటు పీకి చెత్తడబ్బాలో పడెయ్యమన్నాడు. నాకు ఆ సీటు కావాలి. ఎందుకంటే 2020లో, ఊరంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో, మా అవ్వ ఇక్కడే, మేమంతా బతికిన సత్వా పేటలోనే పోయింది. ప్లాస్టిక్‌లో చుట్టిన ఆమెను దూరం నుంచి చూసి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాను. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టదు. ఏడుపూ రాలేదు. తింటాను, బాపులాగే సీట్లు కుడతాను, నవ్వుతాను, అన్నీ ఎవరో పక్కింటివాడు చేస్తున్నట్టుంటుంది. ఆ సీటు మీద పడుకుంటే మాత్రం నిద్ర వస్తుందని నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను. నా మాటల్ని సగానికి తగ్గించి వినాలని నన్నెరిగినవాళ్లంతా అంటారు, ఈ ఒక్కదాన్ని మాత్రం పూర్తిగా వినండి.

మా చిన్నప్పటి సత్వాలో ఒక సందు సందంతా కార్ల సీట్లు కుట్టే దుకాణాలే. దుకాణాల వెనక పాత ఇళ్లు, ఇళ్ల వెనక ఎవరికీ అక్కర్లేని కార్లు, ఆ కార్లలో మేము. చక్రాల్లేని బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చుని నేను రోజూ కరీంనగర్ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి, దారిలో సముద్రం అడ్డమొస్తే హారను కొట్టేవాణ్ణి. ఎండాకాలంలో కిటికీ ఏసీల నుంచి కారే నీళ్లకు బకెట్లు పెట్టి ఆ నీళ్లతోనే గచ్చు కడిగేవాళ్లు, సాయంత్రం తడి దుప్పట్లు పట్టుకుని మేడెక్కితే గాలి అక్కడ కూడా పొయ్యి ఊదినట్టే ఉండేది. చలికాలంలో ఒకటో రెండో వానలు పడి సందులో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే టైరు ట్యూబుల మీద ఎక్కి తేలేవాళ్లం. బతుకమ్మకు తంగేడు పూలు లేవు గనక జుమైరా బంగళాల గోడల మీంచి గన్నేరు పూలూ కాగితం పూలూ కోసుకురమ్మని పిల్లల్ని పంపేవాళ్లు. వాచ్‌మన్ తరిమితే పూలు రాలిపోకుండా పరిగెత్తడం మాకు పెద్ద విద్య. ఆ పూలతోనే పేర్చిన బతుకమ్మను సముద్రంలో వదిలి, తడి ఇసుకలో కూర్చుని, బెల్లం దొరకని ఏడు ఖర్జూరం పెట్టి దంచిన మలీదముద్దలు తినేవాళ్లం. ఖర్జూరం మలీద బెల్లపు మలీదకంటే బాగుంటుందని నేనంటే మా అవ్వ నెత్తిమీద ఒక్కటిచ్చేది.

బాపు ఎప్పుడూ రెండు సూదులు పెదవుల మధ్య పెట్టుకుని ఉండేవాడు, కాబట్టి మాట్లాడాల్సి వస్తే కనుబొమలతోనే మాట్లాడేవాడు. దారానికి మైనం రుద్దుతుంటే వచ్చే కిర్రుమనే చప్పుడు, కొత్త రెక్సిన్ చుట్ట విప్పితే వచ్చే ఘాటు, చెవి వెనక సుద్దముక్క, ఆయనంటే నాకు ఇప్పటికీ ఇవే. ఆయన మాట్లాడకుండా మిగిల్చిన మాటలన్నీ నేనే వాడుకున్నాను. అర్బాబ్ ఆకుపచ్చ బండి గురించి నేను చెప్పని కథ లేదు. దాని ముందుభాగం ఎంత పొడుగంటే ముందు లైట్లు షార్జా చేరినా డ్రైవరు ఇంకా దేరాలోనే ఉంటాడని, ఎనిమిది సిలిండర్ల ఆ ఇంజను సత్వాలో స్టార్టయితే కరామాలో ఇడ్లీ పిండి దానంతటదే పొంగుతుందని, అది ఒకసారి ఎడారిలో ఒంటెను ఢీకొడితే ఒంటె క్షమాపణ చెప్పి పోయిందని బడిలో చెప్పేవాణ్ణి. పిల్లలు నమ్మేవాళ్లు కాదు గానీ మళ్లీ అడిగేవాళ్లు.

ఒక ఏడు రంజాను చివర్లో ఆ బండి సీటు మార్చమని అర్బాబ్ దుకాణానికి పంపాడు. పండగ నాడు రస్ అల్ ఖైమాలో ఉన్న అన్నగారింటికి భోజనానికి వెళ్లాలట. బాపు పాత సీటు విప్పి చూస్తే లోపలి పీచంతా పొడైపోయి స్ప్రింగులు పైకి లేచి ఉన్నాయి. స్పాంజి తెద్దామని పోతే పండగకు ఆ దుకాణం ముందే మూసేశారు. సీటు విప్పేశాక మళ్లీ పాతది పెట్టడానికి లేదు. అంతకుముందు ఉన్న టైలరు ఒక్క పండగ పని చెడగొట్టినందుకు వీసా పోగొట్టుకుని ఊరికి పోయాడు, ఆ సంగతి బాపుకే కాదు, సందులో అందరికీ తెలుసు. మా అవ్వ అన్నం గిన్నెతో వచ్చి, ఖాళీ స్ప్రింగుల ముందు అలాగే కూర్చుని ఉన్న బాపునీ, ఆయన నోట్లో సూదులు లేకపోవడాన్నీ చూసింది.

"గిండ్ల ఏమున్నది, బొంత కుట్టిస్త," అంది.

మేడ మీద నీడ పట్టున పాత చీరలు పరిచింది. అవి సరిపోకపోతే పెట్టె తెరిచి, పెళ్లినాటి పసుపు నారాయణపేట చీర కూడా తెచ్చి మధ్యలో పెట్టింది. అవన్నీ కుంకుడు రసంలో ఉతికి దాచినవే. కింది వాటాలో ఉండే కాకినాడ అత్తయ్య తన దారపుండ పట్టుకుని సాయానికి వచ్చి, ఒకవైపు కుడుతూ ఒకవైపు నవ్వుతూనే ఉంది.

"వదినగారూ, మా వైపు బొంతంటే కప్పుకుని పడుకుంటారు గానీ కారుకి తొడగరండి."

"కారుకు సలివెడ్తది గద వదినె," అంది మా అవ్వ, తలెత్తకుండా.

చివర్లో నాలుగు మూలల్లో ఒక్కో చిటికెడు పసుపు కలిపిన బియ్యం వేసి మూసింది. ఏ బొంతకైనా అలాగే చేసేది. ఎందుకని అడిగాను. "బొంతకు గూడ ఆకలైతది బిడ్డా. జరన్ని గింజలేస్తె సప్పుడు జెయ్యక పండుకుంటది, మనల్ని పండవెడ్తది," అంది. బాపు ఆ బొంతను స్ప్రింగుల మీద పరిచి, పైన రెక్సిన్ లాగి కుట్టేశాడు. బయటినుంచి చూస్తే అమెరికాలో కుట్టినట్టే ఉంది.

పండగ రోజు అర్బాబ్ వెనక సీట్లో కూర్చున్నాడు. షార్జా దాటకముందే నిద్రపోయాడు. బలూచీ డ్రైవరు అన్నగారి ఇంటి ముందు బండి ఆపితే లేవలేదు, పిలవడానికి ధైర్యం చాలక డ్రైవరు ఊరి చుట్టూ తిప్పుతూనే ఉన్నాడు, పెట్రోలు అయిపోతే పోయించుకుని మళ్లీ తిప్పాడు. అర్బాబ్ కళ్లు తెరిచేసరికి పండగ భోజనాలు అయిపోయి, పళ్లాలు కడిగేసి, చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ కబురు సందులోకి రాగానే బాపు పెట్టె సర్దుకున్నాడు. అవ్వ సర్దలేదు. పొయ్యి మీద పప్పు ఉంది, అది ఉడకాలి అంది.

మర్నాడు అర్బాబ్ దుకాణానికి వచ్చి, నిలబడి ఉన్న బాపును కూర్చోమని, తను నిలబడి, భార్య పోయిన నాటి నుంచి ఇంత నిద్ర ఎరగనని చెప్పాడు. చివర్న ఆయనకు వచ్చిన హిందీలో అన్న మాట మా ఇంట్లో చాలాకాలం నిలిచింది: "ఇస్ గాడీ మే నీంద్ హై." ఈ బండిలో నిద్ర ఉంది. మా వీసాల సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం ఆ బండి మా సందు మొదట్లో వేపచెట్టు నీడకు వచ్చి ఆగేది, అర్బాబ్ వెనక సీట్లో ముడుచుకుని పడుకునేవాడు, సందు మొత్తం కుట్టుమిషన్లు ఆపేసి గుసగుసగా మాట్లాడుకునేది. పిల్లలం గోలీలు కూడా ఇసుకలోనే ఆడాలి, గచ్చు మీద చప్పుడవుతుంది. ఆ సందులో కాకులు కూడా ఆ వేళకు కాళ్ల కొసల మీద నడిచేవని నేను బడిలో చెబితే మా పంతులమ్మ నన్ను నిలబెట్టింది.

ఈ సంగతంతా సాలెంకు ఉన్నదున్నట్టు చెప్పి సీటు అడిగాను. కానీ అప్పటికే అతనికి, వాళ్ల తాత ఈ బండితో హెలికాప్టరును ఓడించాడనీ, ట్యాంకులో పెట్రోలు లేకపోతే కరక్ చాయ్ పోసి నడిపాడనీ చెప్పి ఉన్నాను.

"చాచా, ఫిర్ ఏక్ కహానీ," మళ్లీ ఇంకో కథా అని నవ్వి, కావాలంటే తీసుకుపో, నీకే అన్నాడు.

సీటు ఊడదీసి గోడవార నేల మీద పెట్టాను. ఇంటికి తీసుకెళ్దామంటే పికప్ దొరకలేదు, వర్క్‌షాపులో అందరి ముందూ దాని మీద పడుకోడానికి మనసొప్పక, రేపు తీసుకెళ్దాంలే అనుకుంటూ వారాలు గడిపాను. ఈలోగా బండి ఎముకల దాకా విప్పి, తుప్పు గీకి, కొత్త రంగు కొట్టి, పాత డ్రమ్ము బ్రేకుల చోట డిస్కులు, కార్బురేటరు చోట కంప్యూటరు పెట్టారు. లోపల ఇనుప గొట్టాలతో పంజరం బిగించారు. సాలెం వాళ్ల నాన్న రోజూ ఫోను చేసి, ఆ పాత ఇనుము అమ్మెయ్యమని తిట్టేవాడు. అతనూ తండ్రి పోయిన దగ్గర్నుంచి నిద్రలేక చిరచిరలాడుతున్నాడని సాలెం ఒకసారి అన్నాడు.

కొత్త ఇంజనుకు కంప్యూటరు లెక్కలు సరిచేసే రోజున సాలెం వచ్చాడు. సైలెన్సరు ఇంకా బిగించలేదు, ఉస్తాద్ యాక్సిలరేటరు తొక్కితే పైకప్పు రేకులు దడదడలాడి గోడకున్న పానాలు కింద పడుతున్నాయి. కూర్చోడానికి ఏమీ లేక సాలెం ఫోను చూసుకుంటూ ఆ సీటు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఫోను చేతిలోంచి జారింది. తల పక్కకు వాలింది, కాళ్లు పైకి వచ్చాయి. ఉస్తాద్ నా వైపు చూశాడు, కావాలనే ఇంకా గట్టిగా తొక్కాడు. సాలెం కదల్లేదు. వాళ్ల నాన్న ఫోను మోగి మోగి ఆగింది. సాయంత్రం మసీదులో అసర్ అజాన్ వినిపించే దాకా అలా పడుకుని లేచి, ఎక్కడున్నానన్నట్టు చూసి, సీటును అరచేత్తో రెండుసార్లు నిమిరాడు.

"సారీ చాచా. యే సీట్ గాడీ మే జాయేగా. ఖలాస్."

సీటు బండిలోకే పోతుంది, ఇక మాట లేదని. నేను సరేనన్నాను. ట్రాక్ రోజున తీసేసి, రోడ్డు మీద తిరిగేటప్పుడు పెట్టుకునేలా నాలుగు కొక్కేలు అమర్చాను. పైన రెక్సిన్ పెళుసెక్కింది గనక కొత్త తోలు వెయ్యాలి. అందరూ భోజనానికి వెళ్లిన వేళ బాపు కుట్లు ఒక్కొక్కటి విప్పాను. బొంత అలాగే ఉంది. పసుపు చీర ముదురు గోధుమరంగుకు తిరిగింది, ఒక పక్క అవ్వ కుట్టు, ఒక పక్క కాకినాడ అత్తయ్య వంకర కుట్టు. పక్కనే అదే కొలతకు కోసిన కొత్త స్పాంజి ఉంది. అది లోపల పెట్టి, బొంత మడిచి నా సంచిలో వేసుకుంటే అడిగేవాడు లేడు. మడిచాను కూడా. సంచి జిప్పు తెరిచాను.

అప్పుడొక సంగతి తట్టింది. స్పాంజి మీద సాలెంకు నిద్ర రాదు. రాకపోతే, చాచా చెప్పింది ఇదీ కట్టుకథే, ఆ రోజు ఏదో అలసటకు కునుకు పట్టింది అనుకుంటాడు. ఇన్నేళ్లలో నా నోటినుంచి వచ్చిన ఒక్క నిజమూ అబద్ధాల్లో కలిసిపోతుంది. బొంతను మళ్లీ స్ప్రింగుల మీద పరిచాను. మూలల్లో బియ్యం పిండైపోయి ఉంటే దులిపేసి, మెస్ వంటవాణ్ణడిగి గుప్పెడు బియ్యం తెచ్చాను. బాస్మతి తప్ప లేదన్నాడు. పసుపు కలిపి నాలుగు మూలలా వేసి, రెండు సూదులు పెదవుల మధ్య పెట్టుకుని, పైన తోలు లాగి కుట్టేశాను.

బండి వెళ్లిపోయాక సాలెం ట్రాక్ దగ్గర్నుంచి ఫొటో పంపాడు. వెనకాల కార్లు పొగలు కక్కుతున్నాయి, జనం చెవులు మూసుకుని ఉన్నారు, గోడ పక్కన నేల మీద మా సీటు, దాని మీద తెల్లటి కందూరా, అదే అరబ్బుల పొడుగు అంగీ, మోకాళ్ల దాకా లాక్కుని వాళ్ల నాన్న, నోరు తెరుచుకుని, గాఢనిద్రలో.

సత్వాలో మా సందు ఇప్పుడు లేదు. ఇల్లు పడగొట్టి చదును చేశారు, వేపచెట్టు ఉన్న చోట పార్కింగు గీతలు గీశారు, కాకినాడ అత్తయ్య ఎక్కడుందో తెలిసినవాళ్లు లేరు, చీరలు పరిచి బొంత కుట్టే ఆడవాళ్లను నేను చూసి చాలా ఏళ్లయింది. ఆ బండి కూడా ఇప్పుడు కంప్యూటరు చెప్పినట్టు ఉరుముతుంది, పాత ఉరుము కాదు. ఫొటో మెస్‌లో అందరికీ చూపించి కథంతా చెప్పాను. కోరుట్ల నుంచి వచ్చిన మా పెయింటరు ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "మామా, గీ ఫొటో యాడ దొర్కవట్టినవే," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భోజనాలయ్యాక వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ అట్టపెట్టెల మీద కునుకు తీశారు. నేను చల్లారిన చాయ్ తాగుతూ కాపలా ఉన్నాను.