నా కుర్చీ

నారాయణపేట దగ్గర ఒక దవాఖానలో నేను నర్సును. నర్సుల నాయకత్వ శిక్షణకు ఇచ్చే గ్రాంటు కోసం హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లాను. బోర్డు ముందు కూర్చుని జవాబు చెబుతుండగా, బోర్డులోనే ఉన్న పెద్ద డాక్టరు ఒకాయన ఆలస్యంగా వచ్చారు. డాక్టరు వస్తే లేవడం మాకు అలవాటు. దిగ్గున లేచి నా కుర్చీ ఆయనకు జరిపాను. ఆయనా అలవాటుగానే కూర్చున్నారు. నేను గోడవారగా నిలబడ్డాను. గ్రాంటు పోయిందనుకున్నాను.

బోర్డులో ఉన్న రిటైర్డ్ నర్సమ్మ నెమ్మదిగా అన్నారు: "గా కుర్చీ నీది బిడ్డా. నువ్వే అడుగు."

ఒక అడుగు ముందుకు వేశాను. "సార్, జర లేస్తరా? నేను కూసోవాలె" అన్నాను.

ఆయన తడబడి లేచారు.

గ్రాంటు వచ్చింది. ఇప్పుడు హెడ్ నర్సును. నన్ను చూసి కొత్త నర్సులు లేవబోతే భుజం పట్టి కూర్చోబెడతాను. అయినా డాక్టరుగారి అడుగుల చప్పుడు వింటే, నా కాళ్లు ఇప్పటికీ లేవబోతాయి.