లంకకు పంపిన చిన్నరసం

తిరువూరు మార్కెట్లో చిన్నరసాల వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.

మూడో తరగతి వేసవి సెలవుల్లో ధనుష్కోడి వెళ్లాం. సముద్రం పక్కనే వేరే దేశం ఉందని నాన్న చెప్పాడు. సరిహద్దంటే మా పెరటి గోడలాంటిదే అనుకుని, అటువైపు పిల్లలకు అందిద్దామని ఒక చిన్నరసం మామిడిపండు దాచాను. దారిలో అమ్మ అడిగినా ఇవ్వలేదు. తీరా వెళ్తే గోడా లేదు, పిల్లలూ లేరు. మనుషుల అలికిడి లేని ఆ ఊరి చివర ఇసుక, నీళ్లు, ఎండలో కాపలా ఉన్న ఒక జవాను.

"అదేనమ్మా లంక," అన్నాడు నాన్న నీళ్లకేసి చూపిస్తూ.

"ఏదీ? అబద్ధం చెప్పి తీసుకొచ్చావు."

నాన్న నవ్వి, నా సంచిలోంచి పండు తీసి జవానుకిచ్చేశాడు. నన్నొక్క మాట అడగలేదు. అతను తింటుంటే, అది ఎవరి కోసం తెచ్చానో నాన్న హిందీలో చెప్పాడు. అమ్మ కూడా నవ్వింది. జవాను నవ్వలేదు. టెంకను బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు. అది పది బారల దూరంలో పడింది.

పండు ఆయనకి, టెంక లంకకా అని ఇల్లు చేరేదాకా అలిగే ఉన్నాను.

నాన్న మీద కోపం ఇంకా పోలేదు. ఆ రోజు నవ్వకుండా, నా పండును అటు పంపాలని చూసింది మాత్రం ఆ జవానొక్కడే.