గుడి కట్టిన బూజు

వన్ టౌన్ చరిత్రలో తెల్లదొరల సమాధులకు చోటు దొరికింది, లైట్‌హౌసుకు దొరికింది. పోర్టులో గుమాస్తాగా రిటైరైన గురునాథరావు రోజూ పొద్దున్నే మేడ మీద పావురాలకు జొన్నలు చల్లే కార్యక్రమానికి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక్క పంక్తి కేటాయించలేదు. స్నానం చేసి, కండువా వేసుకుని, "రండమ్మా" అని పిలిచేవాడాయన. తుఫాను హెచ్చరిక ఉన్న రోజైనా ధర్మం తప్పలేదు. పావురాలూ తప్పలేదు. మెట్ల కింద దూలం మీద కాపురం పెట్టి, కిందంతా రెట్ట పేర్చాయి.

ఆ మెట్ల కిందే పడుకునేది సారంగు. పక్కింటి చేపల గంగాలమ్మ కుక్క. బోటు నడిపే సారంగులా ఎప్పుడూ ముందు నడుస్తుందని దానికా పేరు. ఆ వేసవిలో దాని ముక్కు ఒకవైపు ఉబ్బింది. తుమ్ములు పట్టుకున్నాయి. ఆ తర్వాత గోడలకు గుద్దుకోవడం మొదలెట్టింది. గంగాలమ్మ దిష్టి తీసింది, పసుపు రాసింది. ఏదీ పనిచేయక, గురునాథరావును వెంటబెట్టుకుని ఆటోలో దాన్ని పశువుల డాక్టరు సత్యశ్రీ దగ్గరికి తీసుకెళ్లింది.

సత్యశ్రీ కుక్క ముక్కులోంచి తీసిన చీమిడిని గాజుపలక మీద నల్లసిరాతో కలిపి మైక్రోస్కోపులో చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది బూజు జాతి జబ్బమ్మా. కుక్కలకి రావడం చాలా అరుదు. నేనే మొదటిసారి చూస్తున్నాను."

"కుక్కకి బూజేటి డాట్రమ్మా? ఆవకాయేటది?" అంటూ గంగాలమ్మ తానూ కన్ను ఆనించింది. "ఓలమ్మా! సీకట్లో సందమామకి గుడి కట్టీసినట్టుంది. దూరం గుడి. దూరం గుడి కడితే వాన దగ్గరే కదేటి. మా సారంగుకి ముప్పు దగ్గరికొచ్చీసిందా?"

సత్యశ్రీ మందుల చీటీ అందుకుంది.

"మెదడుకి పాకకుండా చూద్దాం. నెలల తరబడి మాత్రలు వెయ్యాలి. ఇది పావురాల రెట్టలో పెరుగుతుంది, ఎండిన దుమ్ము పీలిస్తే పట్టుకుంటుంది. మీ దగ్గర పావురాలేమైనా ఉన్నాయా?"

గురునాథరావుకు ఉన్నట్టుండి గోడ మీది కేలండరులో తిథి చూడాలనిపించింది.

గంగాలమ్మ ఆయన వైపు తిరిగింది. "బాబూ, నీ పున్నెమంతా నా కుక్క ముక్కులోకే పోనాదేటి?"

"పావురాలకేం తెలుసు, గంగాలమ్మా!"

"పావురాలకి తెల్దు, కుక్కకి తెల్దు. సదువుకున్నోడివి, నీకేటి తెలుసు?"

"నాకూ తెలీదు" అన్నాడు గురునాథరావు. సర్వీసులో ఆయన ఇంత సూటిగా జవాబిచ్చిన దాఖలా లేదు.

మర్నాడు మూతికి గుడ్డ కట్టుకుని, మెట్ల కింద నీళ్లు చల్లి తడిపి, తనే కడిగాడు. జొన్నలు మానేశాడు. పావురాలు కొన్నాళ్లు పిట్టగోడ మీద యూనియన్ వాళ్లలా బైఠాయించి వెళ్లిపోయాయి. గంగాలమ్మ చేపముక్కలో మాత్ర దూర్చి పెట్టేది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆటోలో కుక్క తల గురునాథరావు ఒళ్లోనే. టీ కొట్టు దగ్గర ఆయన ఆ జబ్బు గురించి ఉపన్యాసమిస్తుంటే జనం గ్లాసులు దించి వినేవారు. అంత అరుదైన జబ్బు తమ వీధినే వెతుక్కుంటూ వచ్చిందని వాళ్లకు కొంత గర్వం కూడా. కుక్క మునుపటిలా లేచి తిరిగితే తన పాపం పోయినట్టేనని గురునాథరావు లోలోపల తీర్మానించుకున్నాడు.

చలికాలం వెళ్లాక సత్యశ్రీ కుక్క కళ్లలో టార్చి వేసి చూసి, మాత్రలు ఆపేయమంది. సారంగు బతికింది. జబ్బు పాకిన ఎడమ కన్ను మాత్రం పోయింది.