టీచరమ్మ రేసు కారు

రిటైరైన లెక్కల టీచరమ్మకు కంప్యూటర్లో కారు రేసంటే ప్రాణం, మనుషులంటే అనుమానం. ఆటకు ముందు కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేసి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూస్తుంది. ఈమధ్య మలుపుల దగ్గర కారు ఆగి ఆగి కదులుతోంది. బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు పాతబడిందని షాపతను చెబితే, కొత్తది అంటగట్టడానికే అనుకుంది. తనే తెర మూలన, ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే అంకెలు పెట్టుకుని చూసింది. కార్డు సగం ఖాళీగానే ఉంది, లెక్కలన్నీ చేసే ప్రాసెసరుకే ఊపిరాడడం లేదు. ఎవరో దాని చేత వేరే చాకిరీ చేయిస్తున్నారు! వెతికితే, ఆటను రికార్డు చేసే ప్రోగ్రామొకటి చాటుగా నడుస్తూ దొరికింది.

"ఏమండీ, ఇది మీ పనేనా?"

భర్త చేతిలో పేపరు మడిచాడు. "పక్కన కూర్చుంటే కసురుతావు కదా. అందుకే నీ ఆట రికార్డు చేసి, నువ్వు బజారుకెళ్లినప్పుడు చూసుకుంటున్నా."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. ప్రోగ్రాము ఆపేసి, పక్కకు ఒక కుర్చీ లాగింది.

"కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి."