నాలుగో బోల్టు

దుబాయ్‌లో జెబెల్ అలీ నుంచి అల్ ఖూజ్ వెళ్లే కంపెనీ బస్సులో నా పక్కన కూర్చున్న యాభై ఏళ్ల మనిషి ఆ రోజే పని పరీక్షలో తప్పాడు. మర్నాడు అతన్ని ఇంటికి పంపేస్తారు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని మొదలుపెట్టాడు.

“గోదావరి మీద పాత ఇనుప బ్రిడ్జి ఉంది కదండీ, దాని మీద రైళ్లు ఆపేసేదాకా దాని రివెట్లు చూసినోణ్ణండి. ఓ పక్క వేలు పెట్టి, రెండో పక్క సుత్తితో కొడితే వదులైంది వేలికి తెలిసిపోద్ది. ఇక్కడ పరీక్షలోనూ అలాగే కొట్టి, నాలుగో బోల్టు లూజన్నానండి. ‘రెంచ్ ఏదిరా బుడ్ఢా? ఖలాస్!’ అని నవ్వేశారు.”

ఆ వంతెన గురించి నేను చదువుకున్నదంతా వరసగా చెప్పాను. కడ్డీలను త్రికోణాలుగా కూర్చారు. ప్రతి కడ్డీ లాగుడునో నెట్టుడునో మాత్రమే మోస్తుంది. అందుకే తక్కువ ఇనుముతో అంత నదిని దాటగలిగారు. రివెట్లు బిగిసి ఉన్నంతకాలమే అదంతా నిలుస్తుంది.

అతను శ్రద్ధగా విన్నాడు.

“పరీక్షకి బోల్టులు బిగించింది మీరేనంట కదా ఇంజనీరు గారూ. ఆ నాలుగోది లూజేనాండి? లేక నా వేలే పాడైపోయిందా?”

దాన్ని కావాలనే వదులుగా ఉంచింది నేను. ఆ రోజు కనిపెట్టింది అతనొక్కడే. రెంచ్ వాడలేదని కాగితం మీద సున్నా వేసిందీ నేనే. నిజం చెబితే నేరుగా ముదీర్, అంటే మా మేనేజర్, దగ్గరికి వెళ్తాడు.

“బిగుతుగానే ఉంది,” అన్నాను.

అతను దిగేటప్పుడు పై అరలో ఉన్న నా హెల్మెట్ తీసి చేతికిచ్చాడు.

“అయితే పంపెయ్యడం న్యాయమేలెండి,” అన్నాడు.